అందరూ ఎక్కాకే ఎక్కిన తెల్ల బొమ్మ

నేను బాన్సువాడలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జ్వరంతో వణుకుతున్న మనిషి ఎదురుగా కూర్చుని "మలేరియానే మేడం" అని తనే చెప్పినా సరే, గాజుపలక మీద రక్తం చుక్క పూసి, మైక్రోస్కోపులో నా కంటికి కనిపిస్తేనే ఉందని రాస్తాను. కనిపించకపోతే లేదని రాస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. దయ్యాలు, ఆత్మల విషయంలోనూ నాది ఇదే పద్ధతి. దారిలో నిమ్మకాయ తొక్కితే కాళ్లు కడుక్కోమని మా అమ్మ అంటుంది. నేను కడుక్కోను. మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కడితే, ముందు షుగర్ చూపించుకోండి అని చెప్పే రకం నేను.

ఇప్పుడు చెప్పబోయేది కంటికి కనిపించిన విషయమే. నాకొక్కదానికే కాదు, ఆ పూట లైవ్ చూసినవాళ్లందరికీ కనిపించింది. అర్ధరాత్రి కాదు, పట్టపగలు. కింద బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్న వాసన గదిలోకి వస్తుండగా జరిగింది. వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అయినా దాన్ని ఏమని రాయాలో నాకు తెలియడం లేదు.

మేం నలుగురం కలిసి వీడియో గేములు ఆడతాం. నేను, మా తమ్ముడు సందీప్, వాడి స్నేహితులు గోపాల్, ప్రశాంత్. సందీప్‌కు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. గోపాల్ పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక తండావాడు, ఇళ్లకు కరెంటు పని చేస్తాడు. ప్రశాంత్ ఉద్యోగ పరీక్షలకు చదువుతుంటాడు. ముప్పై దాటిన ఆడదానికి ఈ ఆటలేంటని మొదట్లో చాలామంది నవ్వారు. రోజంతా రక్తం సీసాల మధ్య కూర్చున్నదానికి సాయంత్రం ఒక గంట ఏదో బొమ్మను కొండలెక్కిస్తే ఎంత హాయిగా ఉంటుందో చెప్పినా వాళ్లకు అర్థం కాదు.

ఒకరోజు సందీప్ ఒక సంగతి చెప్పాడు. వేరే దేశాల్లో, మన పెద్ద నగరాల్లోనూ కొన్ని బృందాలు రోజంతా ఆపకుండా గేములు ఆడుతూ లైవ్ పెడతాయట. చూసేవాళ్లు తోచినంత పంపుతారు. అది ఏదో ఒక దవాఖానకో, అవసరంలో ఉన్న మనిషికో చేరుతుంది. మనమూ చేద్దాం అన్నాడు. అలా మొదలైంది. వాళ్లు ఇరవై నాలుగు గంటలు ఆడతారు. మేం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే. రాత్రిపూట అరుపులు కేకలు వద్దని గది కిరాయికి ఇచ్చినాయన మొదటి నెలలోనే చెప్పేశాడు. ఆ గది ఒక టైలరింగ్ దుకాణం పైన ఉంది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీవీ, ఒక కెమెరా, మైకు. అంతే మా సంస్థానం.

మొదటిసారి ఒక బడికి ఫ్యాన్లు కొనిచ్చాం. రెండోసారి ఒక ముసలాయనకు కంటి ఆపరేషన్ చేయించాం. మూడోసారి పద్మ కోసం.

పద్మది బీర్కూర్ దాటాక ఒక ఊరు. ఇరవై మూడేళ్లు ఉంటాయి. పుట్టుకతోనే నడుము కింద బలం లేదు. ఇంటర్ దాకా చదివింది, తర్వాత నాలుగేళ్లు ఇంట్లో బీడీలు చుడుతూ ఉండిపోయింది. ఆ ఏడు బాన్సువాడలో డిగ్రీ సీటు వచ్చింది. రోజూ వచ్చి పోవాలంటే పక్క చక్రాలు బిగించిన స్కూటీ కావాలి. తరగతులు మొదలవడానికి నెల కూడా లేదు. చక్రాలు బిగించడానికే మూడు వారాలు పడుతుందని షోరూములో చెప్పారు. స్కూటీ లేకపోతే సీటు ఉన్నా లేనట్టే.

లైవ్‌లో చూపించడానికి ఒక చిన్న వీడియో తీసుకుందామని వాళ్లింటికి వెళ్లాం. పద్మ వాకిట్లో చాప మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడింది.

"నన్ను చూసి పాపం అనేటట్టు పెట్టకు అక్కా. నేను కాలేజీకి పోవాలె, గంతే. గట్లనే చెప్పు."

అలాగే తీశాం. గంటసేపు కూర్చున్నాం. వాళ్లమ్మ సాయవ్వ చాయ్ పోసింది. చదువు గురించి, బీడీల గురించి, పద్మకు ఇష్టమైన లెక్కల గురించి మాట్లాడుకున్నాం. ఇంటర్ చదివినప్పుడు కాలేజీకి ఎలా వచ్చిపోయేదానివని మేం అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు తీసిన వీడియో అంతా తర్వాత నేను రెండు మూడుసార్లు చూశాను. అందులో ఆ మాట ఎక్కడా లేదు.

మేం ఎంచుకున్న ఆట నలుగురు కలిసి ఆడేది. కొండదారిలో ఒక చిన్న వ్యాను, నాలుగు రంగుల బొమ్మ మనుషులు. ఒకరు నడపాలి, మిగతావాళ్లు దిగి దారిలో రాళ్లు జరపాలి, విరిగిన వంతెన ఎత్తిపట్టాలి. దారి బాగయ్యాక, తెర మీద ఉన్న బొమ్మలన్నీ ఎక్కితే తప్ప వ్యాను ఆ కొండ దాటి పోదు. నాది పసుపు బొమ్మ, సందీప్‌ది నీలం, గోపాల్‌ది ఆకుపచ్చ, ప్రశాంత్‌ది తెలుపు. మొత్తం ముప్పై కొండలు. ఊళ్లో ఒక రైసుమిల్లాయన మా లైవ్ గురించి విని నవ్వి, "సాయంత్రం ఆరు కొట్టేలోపట ముప్పై కొండలు దాటుండ్రి, ఎంత తక్కువ పడితే గంత నేనిస్తా" అన్నాడు. దాటకపోతే ఇవ్వనని ఆయన అనలేదు కానీ, పందెం పందెమే.

అన్నీ కుదిరాక ప్రశాంత్ పరీక్ష తేదీ వచ్చింది. మేం అనుకున్న ఆదివారమే, హైదరాబాదులో. లైవ్ వాయిదా వేద్దామంటే స్కూటీకి రోజులు చాలవు. ముగ్గురితో కూడా ఆడొచ్చని ఆ ఆటలో రాసి ఉంది, కాకపోతే కష్టం. ఆడేద్దాం అనుకున్నాం.

ఆదివారం పొద్దున సరిగ్గా ఆరింటికి మొదలుపెట్టాం. ఎనిమిది దాటాక గోపాల్ రిమోట్‌లో సెల్లులు అయిపోయాయి. మా రిమోట్‌లన్నీ వైరు లేనివి, ఒక్కోదానికి రెండు సెల్లులు వేయాలి. కింద దుకాణాలు ఇంకా తెరవలేదు. ప్రశాంత్ ఎలాగూ లేడు కదా అని అతని రిమోట్ మూత తీసి, ఆ రెండు సెల్లులూ తన దాంట్లో వేసుకున్నాడు గోపాల్. ఖాళీ రిమోట్‌ను కిటికీ గట్టు మీద బోర్లా పెట్టాడు. మూత పక్కనే ఉంది. ఆ గట్టు కెమెరాకు కనిపిస్తుంది. గోపాల్ రెండుసార్లు చేతిలోకి తీసుకున్నప్పుడు తప్ప, వీడియోలో సాయంత్రం దాకా ఆ రిమోట్ అక్కడే అలాగే ఉంది.

పదిహేడో కొండ దగ్గర ఆగిపోయాం.

ఆ కొండ మీద వంతెన రెండు ముక్కలై ఉంటుంది. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఎత్తిపట్టాలి. మూడో మనిషి వ్యాను నడపాలి. సరిగ్గా వ్యాను నడుమకు వచ్చాక పైనుంచి బండరాయి దొర్లి పడుతుంది. దాన్ని తోయడానికి నాలుగో మనిషి కావాలి. ముగ్గురిలో ఎవరు వదిలి వెళ్లినా వంతెన కూలుతుంది. పదకొండుసార్లు కూలింది. టైం పదకొండున్నర దాటింది. చూసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సందీప్ మాట్లాడటం మానేశాడు. లైవ్‌లో మాట్లాడకపోతే ఇంకా కొంతమంది పోతారని తెలిసి కూడా నాకూ నోట్లోంచి మాట రాలేదు.

పన్నెండోసారి వంతెన ఎత్తాం. వ్యాను నడుమకు వచ్చింది. రాయి పడింది. ఇక కూలుతుందని నేను చేతులు వదిలేయబోతున్నాను. రాయి పక్కన తెల్ల బొమ్మ నిలబడి ఉంది.

అది పరుగెత్తుకుంటూ రావడం నేను చూడలేదు. వీడియోలో కూడా రావడం లేదు. రాయి పడేటప్పుడు లేదు, పడ్డాక ఉంది. భుజం ఆనించి రాయిని నెమ్మదిగా తోసి లోయలోకి పడేసింది. వ్యాను దాటేసింది.

"ప్రశాంత్ గాని లాగిన్ అయిండా?" అన్నాడు సందీప్.

"ఎట్లయితడురా? ఇది నెట్ మీద ఆడేది కాదు కదా. గీ రూముల ఉన్న రిమోట్లతోనే ఆడాలె" అన్నాడు గోపాల్.

ముగ్గురం ఒకేసారి కిటికీ వైపు చూశాం. గోపాల్ లేచి ఆ రిమోట్ తీసుకుని కెమెరా ముందు పెట్టాడు. సెల్లులు ఉండాల్సిన చోట రెండు ఖాళీ గుంటలు. వేలు పెట్టి చూపించాడు. అప్పటికీ తెర మీద తెల్ల బొమ్మ వ్యాను తలుపు దగ్గర నిలబడి మా కోసం చూస్తోంది.

నేను ఎక్కాను, సందీప్ ఎక్కాడు. గోపాల్ వచ్చి కూర్చుని రిమోట్ పట్టుకునేదాకా ఆ బొమ్మ కదల్లేదు. ఆకుపచ్చ బొమ్మ లోపలికి వెళ్లాక, వ్యాను ఒంటి మీద చేత్తో రెండుసార్లు కొట్టి, తను ఎక్కింది. ఆ ఆటలో చేత్తో కొట్టడానికి ఒక బటన్ ఉంది. దానివల్ల లాభం ఏమీ లేదు, ఊరికే చప్పుడు వస్తుంది. అది ఉందన్న సంగతే మేం మరిచిపోయాం.

ఇలాంటప్పుడు ఒళ్లు చల్లబడిందనో, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయనో అంటారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. నాడి చూసుకున్నాను, అలవాటు కదా, మామూలుగానే ఉంది. ఎవరో పెద్దమనిషి గదిలోకి వచ్చి ఒక మూల కూర్చున్నట్టు అనిపించింది. ముగ్గురం కాస్త సర్దుకుని సరిగ్గా కూర్చున్నాం. గోపాల్ కుర్చీ మీద పెట్టుకున్న కాలు కిందికి దించాడు.

ప్రశాంత్‌కు ఫోన్ చేశాం. స్విచాఫ్. పరీక్ష హాలు బయట ఫోన్లు తీసేసుకుంటారు కాబట్టి అది వింతేమీ కాదు. ఆటను మూసి మళ్లీ తెరుద్దామా అన్నాడు సందీప్. తెరిస్తే పదిహేడు కొండలూ మళ్లీ మొదటి నుంచి దాటాలి. వద్దన్నాను. నిజం చెప్పాలంటే, అది ఒక్కటే కారణం కాదు. ఆ బొమ్మ మంచిగా ఆడుతోంది. దాన్ని పొమ్మనడానికి మనసొప్పలేదు.

ఆ తర్వాతి కొండలు ఎలా దాటామో నాకే ఆశ్చర్యం. తెల్ల బొమ్మ తొందరపడేది కాదు. ఎవరైనా జారి పడితే వెనక్కి వెళ్లి చేయి పట్టుకుని పైకి లాగేది. దూకాల్సిన చోట రెండుసార్లు ఆలోచించే నాలాంటి దాని కోసం ఒడ్డున నిలబడి ఓపిగ్గా ఎదురుచూసేది. ప్రతిసారీ అందరం ఎక్కాక వ్యాను మీద రెండు దెబ్బలు, అప్పుడు తను ఎక్కడం. లైవ్ చూసేవాళ్లు మళ్లీ పెరిగారు. కొందరు "ఎడిటింగ్ బాగుంది" అని రాశారు. కొందరు దండం బొమ్మలు పెట్టారు. ఇంటి దగ్గర బీడీలు చుడుతూ ఫోన్‌లో చూస్తున్న మా అమ్మ మాత్రం సందీప్‌కు ఫోన్ చేసి, "గా తెల్లాయనకు దమ్ము తీసుకోనియ్యిండ్రి, అన్నీ గాయనతోనే చేపిస్తుండ్రు" అని కోప్పడింది.

ఒంటిగంట దాటాక నా ఫోన్ మోగింది. పద్మ.

"అక్కా, గా తెల్ల బొమ్మ ఎవలు ఆడుతుండ్రు?"

"మాకూ తెలుస్తలేదు పద్మా. గేమ్‌ల ఏదో తప్పున్నట్టుంది."

పద్మ గొంతు తగ్గించింది.

"తప్పు కాదక్కా. గాయన మా కండక్టర్ మామ."

ఇంటర్ చదివిన రెండేళ్లూ ఆమె బాన్సువాడకు బస్సులోనే వచ్చేదట. సాయవ్వ ఎత్తుకుని బస్సు స్టేజీ దాకా తెచ్చేది. బస్సు ఆగగానే నర్సింలు అనే కండక్టర్ కిందికి దిగి, పద్మను రెండు చేతులతో ఎత్తుకుని, మెట్లెక్కి, ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు. మళ్లీ దిగి, స్టేజీలో ఉన్నవాళ్లందరినీ ఎక్కించి, చివరకు తను ఎక్కేవాడు. బాన్సువాడలో దించేది కూడా ఆయనే. పద్మ ఇంటర్ పూర్తయిన ఏడే ఆయన రిటైర్ అయ్యాడు. సాయవ్వకు నడుము నొప్పి మొదలై ఎత్తుకోవడం కష్టమైంది. చదువు అక్కడ ఆగింది. రెండేళ్ల కిందట నర్సింలు చనిపోయాడని పద్మకు ఎవరో చెబితే తెలిసింది. పోయి చూసేందుకు కూడా వీలు కాలేదు.

నేను ల్యాబ్‌లో మాట్లాడినట్టే మాట్లాడాను. "చూడు పద్మా, నీ మనసుల ఆయన ఉన్నడు కాబట్టి నీకు గట్ల కొడుతుంది. అందరు ఎక్కినంక ఎక్కుడు ఎవరైనా చేస్తరు."

"రెండు దెబ్బలు కొడుతుండు కదా, గది మంచిగ చూడు అక్కా. ఒకటి కొట్టి ఆగుతడు. ఒకసారి వెనుకకు తిరిగి చూస్తడు, ఎవలన్న ఉరుక్కుంట అస్తుండ్రేమో అని. ఎవలు లేరంటెనే రెండోది కొడతడు. మా మామ రోజూ గట్లనే చేస్తుండె."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తెర వైపు చూశాను. ఇరవై రెండో కొండ. ముగ్గురం ఎక్కాం. తెల్ల బొమ్మ వ్యాను మీద ఒక దెబ్బ కొట్టింది. మొహం వెనక్కి తిప్పింది. ఖాళీ కొండదారి. మళ్లీ ఇటు తిరిగి రెండో దెబ్బ కొట్టింది. ఎక్కింది.

అప్పటిదాకా ఐదుసార్లు అదే చూశాను. ఆ తల తిప్పడం నేను గమనించలేదు. తర్వాత వీడియో వెనక్కి పెట్టి చూస్తే ఐదుసార్లూ తల తిప్పింది.

"నేను అస్తున్న. అమ్మను తీసుకొని అస్తున్న. నేనచ్చేదాక ఆపకుండ్రి" అని పద్మ ఫోన్ పెట్టేసింది.

ఊళ్లో ఆటో దొరికేసరికే ఆలస్యమైందట, నాలుగున్నరకు వచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది, మా గదికి లిఫ్టు లేదు, ఇరవై మెట్లు. నడవలేని అమ్మాయి కోసం మెట్ల పైన కూర్చుని రోజంతా ఆడుతున్నామని అంతవరకు మాలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గేసింది. సందీప్, గోపాల్ చేతులు కలిపి కుర్చీలా పట్టి ఆమెను పైకి తెచ్చారు. ఆ కాసేపు లైవ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. నేనూ, తెల్ల బొమ్మా. నేను ఏ బటనూ నొక్కలేదు. అదీ కదల్లేదు. వ్యాను పక్కన నిలబడింది.

పద్మను ప్రశాంత్ కుర్చీలో కూర్చోబెట్టాం. సాయవ్వ కింద చాప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టీవీ చూస్తోంది. పద్మ ఏడవలేదు. తెర మీద కళ్లు పెట్టి, మొహం నిండా నవ్వుతో కూర్చుంది. చాలా రోజుల తర్వాత చుట్టపాయన కనిపిస్తే నవ్వినట్టు.

ముప్పయ్యో కొండ దగ్గరికి వచ్చేసరికి ఐదూ నలభై. రాళ్లు జరిపాం, వంతెన ఎత్తాం. ఇక వ్యాను ఎక్కి పైకి పోవడమే మిగిలింది. ముగ్గురం ఎక్కాం. తెల్ల బొమ్మ తలుపు దగ్గర నిలబడింది. కొట్టలేదు. ఎక్కలేదు.

దిగి మళ్లీ ఎక్కాం. నిలబడే ఉంది. సందీప్ తన బొమ్మతో దాన్ని కాస్త తోశాడు. కదల్లేదు. ఐదూ నలభై ఏడు. ఐదూ యాభై. గోపాల్ ఖాళీ రిమోట్ తీసుకుని బటన్లన్నీ నొక్కి చూశాడు. ఏమీ కాలేదు. రైసుమిల్లాయన కూడా చూస్తున్నట్టున్నాడు, "పది నిమిషాలే" అని రాశాడు.

"అక్కా, గా మైకు ఇటియ్యు" అంది పద్మ.

మైకు ఆమె దగ్గరకు జరిపాను. ఆమె గొంతు సవరించుకుంది. గట్టిగా కాదు, ముందు సీట్లో కూర్చుని వెనక తలుపు దగ్గరున్న మనిషితో అన్నంత గొంతుతో అంది.

"మామా, నేను ఎక్కిన. కూసున్న. ఇంకెవలు లేరు. ఇగ పోనియ్యి."

తెల్ల బొమ్మ ఒక దెబ్బ కొట్టింది. వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు అంతకుముందుకన్నా కాస్త ఎక్కువసేపు ఉంది. తర్వాత కొలిచాను, రెట్టింపు. రెండో దెబ్బ కొట్టి ఎక్కింది.

వ్యాను కొండెక్కేసరికి ఆరుకు మూడు నిమిషాలు ఉంది. ఆట అయిపోయాక ఆడినవాళ్ల బొమ్మలు వరసగా నిలబడి చేతులు ఊపుతాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ. మూడే నిలబడ్డాయి.

సాయవ్వ లేచి మా ముగ్గురి తలల మీద చేయి పెట్టి, "సల్లగ ఉండుండ్రి బిడ్డా" అంది. రైసుమిల్లాయన మాట నిలబెట్టుకున్నాడు.

ఆ తర్వాత నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. అదే గది, అదే మూడు రిమోట్‌లు, నాలుగోది సెల్లులు లేకుండా అదే గట్టు మీద. వరసగా నాలుగు ఆదివారాలు ఆడాం. తెల్ల బొమ్మ రాలేదు. చుట్టుపక్కల ఇళ్లలో ఎవరికైనా ఇలాంటి రిమోట్ ఉందేమో, దాని సిగ్నల్ మాకు తగిలిందేమో అని సందీప్ ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఎవరి దగ్గరా లేదు. ఆట తయారుచేసినవాళ్లకు వీడియో పంపాం. తనంతట తాను ఆడే బొమ్మ మా ఆటలో లేదు, మీ నాలుగో రిమోట్ ఒకసారి చూసుకోండి అని జవాబు వచ్చింది. ప్రశాంత్ ఆ రాత్రి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, వీడియో చూసి, "నా బొమ్మను ఎవడ్రా ఆడింది? నాకన్న మంచిగ ఆడిండు" అన్నాడు. అతను అబద్ధం ఆడితే నవ్వు ఆపుకోలేడు. ఆ రోజు నవ్వలేదు.

పద్మ స్కూటీ తరగతులు మొదలవడానికి రెండు రోజుల ముందు వచ్చింది. మొదటి రోజే కాలేజీ నుంచి మా ల్యాబ్‌కు వచ్చి బయట హారన్ కొట్టింది. ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. మా గదిని మేం కింది అంతస్తుకు మార్చుకున్నాం. ఆదివారాలు ఆమె కూడా వచ్చి ఆడుతుంది. బాగా ఆడుతుంది, ఓడితే మాత్రం ఊరుకోదు.

ఒక సాయంత్రం ఆమె, "నర్సింలు మామ ఇల్లు దొరికింది. అత్తమ్మ ఉందంట. పోదామా?" అంది. నేను ఆమె వెనక స్కూటీ ఎక్కాను. బాన్సువాడలోనే, ఒక సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య పేరు బాలవ్వ. పద్మను చూడగానే పేరు చెప్పకముందే గుర్తుపట్టింది. "రోజూ నీ ముచ్చటే చెప్తుండె" అంది.

ఆ వీడియో ఆమెకు చూపించాలా వద్దా అని నేను దారి పొడవునా తటపటాయిస్తూనే ఉన్నాను. ఉన్న గాయాన్ని రేపినట్టవుతుందేమోనని. పద్మ ఏమీ ఆలోచించలేదు. స్కూటీ మీద కూర్చునే ఫోన్ తీసి, పదిహేడో కొండ నుంచి పెట్టి ఆమె చేతికిచ్చింది. ఇది ఇలా జరిగింది అత్తమ్మా అని మామూలుగా చెప్పింది.

బాలవ్వ గడపలో కూర్చుని, ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తెల్ల బొమ్మ రాయి తోస్తోంది, గెంతుతోంది, వెనక్కి పరుగెత్తి మమ్మల్ని లాగుతోంది, వ్యాను కొట్టి ఎక్కుతోంది. ఆమె మొహంలో నాకు దుఃఖం కనిపించలేదు. ఏదో వెతుకుతున్నట్టు చూస్తోంది. కాసేపటికి తల ఊపింది.

"ముప్పై ఏండ్లు నిలబడి నిలబడి కాళ్ల నరాలు గింత లావు అయినయి. ఆఖరుకు మంచం కూడ దిగలేకపాయె" అంది. మళ్లీ ఫోన్ వైపు చూసింది. "ఎట్ల ఉరుకుతుండో చూడు. ఇగ కాళ్లు నొస్తలేనట్టున్నయి."

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు దవాఖాన పని చేస్తవట కదా బిడ్డా, సదువుకున్నదానివి. ఇది ఎట్లయ్యింది?"

"నాకు తెలుస్తలేదు పెద్దమ్మా" అన్నాను. ఆ రోజు తెలియలేదు, ఈ రోజుకూ తెలియదు.

"తెల్వకపోతే తియ్యి" అంది బాలవ్వ, ఫోన్ నా చేతికిస్తూ. "ఇంకొక్కసారి పెట్టు."

పెట్టాను.